బాండికూట్‌రాట్టెలో ఉన్నది మన పందికొక్కే

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ పిల్లల పేజీలో జర్మన్ భాషలోని జంతువుల పేర్లను గురించి రాస్తూ, ‘బాండికూట్‌రాట్టె’ అనే సమాసంలోని మొదటి మాట ఆస్ట్రేలియా ఆదివాసులదని అచ్చువేశారు. అది పొరపాటు. మన పొలం గట్లను గుల్ల చేసే పందికొక్కే ఇంగ్లీషువారి నోట ‘బాండికూట్’ అయి, తర్వాత జర్మన్‌లో చేరి, ఎలుకకు అక్కడివారు వాడే ‘రాట్టె’ను వెనక తగిలించుకున్నది. భారతదేశంలోని ఇంగ్లీషువారి వాడుక మాటలకు 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సైతం ఈ మాటకు మూలం తెలుగేనని చెప్పింది. జంతుశాస్త్రంలో ఈ ప్రజాతికి 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే పెట్టిన ‘బాండికోటా’ అన్న పేరు కూడా ఇందులోంచి వచ్చినదే.

కొక్కు అంటేనే ఎలుక. వినాయకుణ్ణి కొక్కురౌతు అనడం అందువల్లనే. కాబట్టి జర్మన్ సమాసాన్ని విడదీస్తే ‘పంది ఎలుక ఎలుక’ అని వస్తుంది. గోడకు వాల్‌పోస్టర్ అంటించే మనం దానికి నవ్వనక్కరలేదు.

ఇక పంది ఎందుకు వచ్చిందంటారా, కోవూరు పరిసరాల్లో వరికోతలప్పుడు పొలానికి వెళ్తే తెలుస్తుంది. యానాదులు బొరియ నోటి దగ్గర కుండలో గడ్డి రాజేసి పొగ ఊదుతుంటే, కాసేపటికి లోపలి నుంచి అచ్చం పందిలాగే గుర్రుమనే చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాతే బిరుసు వెంట్రుకలు నిక్కబొడుచుకుని అది బయటపడుతుంది. బొరియను పలుగుతో తవ్వితే అడుగున అది దాచుకున్న వరికంకులు కనిపిస్తాయి. ఈ పేరు పెట్టినవాడెవడో కంటితో పాటు చెవిని కూడా వాడినవాడు.

మీ పొరపాటుకు కారణం ఊహించగలను. ఆస్ట్రేలియాకు వెళ్లిన ఇంగ్లీషువారు అక్కడ పొట్టకు సంచి ఉన్న ఒక చిన్న జంతువును చూసి, పోలికను బట్టి దానికీ బాండికూట్ అనే పేరు పెట్టారు. అది కంగారూలాగే సంచి జంతువుల కోవది, ఎలుకతో దానికి దగ్గరి చుట్టరికం లేదు. జర్మన్లు మాత్రం ఈ రెంటినీ కలపకుండా, ఆస్ట్రేలియా జంతువును ముక్కు, సంచి అనే మాటలు కలిపి ‘నాజెన్‌బాయిట్లర్’ అంటారు.

వచ్చే ఆదివారం సవరణ వేయవలసిందిగా, అందులో ఆస్ట్రేలియా జంతువు బొమ్మకు బదులు మన పందికొక్కు బొమ్మనే వేయవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా