ఆ పీరియడ్‌కు లెక్క అడగకండి

విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

కొత్త విద్యా సంవత్సరానికి టైంటేబుళ్లు తయారవుతున్న సమయం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను పాఠశాలలో భాష బోధిస్తాను. గ్రంథాలయం బాధ్యత కూడా నాదే. పిల్లలకు పుస్తకాలు చదివే అలవాటు చేయాలని మీ శాఖ తరచూ చెబుతోంది. అందులో చిత్తశుద్ధి ఉందని నమ్ముతున్నాను కాబట్టే మీకు సూటిగా ఒక మాట చెబుతున్నాను. ఆ అలవాటు పెంచడానికి మనం ఎంచుకున్న పద్ధతే దాన్ని మొగ్గలో తుంచేస్తోంది.

నేను కోరేది ఇది. ప్రతి తరగతికీ వారంలో కనీసం రెండు పీరియడ్లు పిల్లలు తమకు నచ్చిన పుస్తకం చదువుకోవడానికి కేటాయించండి. ఆ పీరియడ్లకు మార్కులు, ప్రాజెక్టులు, నివేదికలు, పోటీలు ఏవీ ఉండకూడదని ఉత్తర్వు ఇవ్వండి. పరీక్షలు దగ్గరపడ్డాయని లెక్కలకో సైన్సుకో ఆ పీరియడ్‌ను లాక్కోకూడదని కూడా అందులోనే రాయించండి. ఎందుకంటే సిలబస్ వెనకబడితే అందరి కన్నూ ముందు పడేది గ్రంథాలయం పీరియడ్ మీదే.

ప్రస్తుతం ఏం జరుగుతోందో చెబుతాను. పిల్లలు చదివిన ప్రతి పుస్తకానికీ ఒక ఫారం నింపాలి. పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీల సంఖ్య, కథాసారాంశం, నేర్చుకున్న నీతి, కొత్త పదాలు పది. ఇది తెలిసిన పిల్లవాడు బీరువా ముందు నిలబడి ఏం చేస్తాడో మీరు ఒకసారి చూడాలి. పుస్తకం తెరవడు. అట్ట మీది బొమ్మ కూడా చూడడు. పుస్తకాన్ని పక్కకు తిప్పి మందం చూస్తాడు. అన్నిటికంటే పలచనిది తీసుకుని, వెనక అట్ట మీద ఉన్న నాలుగు వాక్యాలను సారాంశం గడిలోకి ఎక్కించి, ఫారం ఇచ్చేసి వెళ్లిపోతాడు. తెలివైన పిల్లవాడే. మనం అడిగినది ఇచ్చాడు.

ఆరో తరగతి అమ్మాయి ఒకరు కోతి కథ చదువుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వడం చూశాను. పక్కనున్న పిల్లను మోచేత్తో పొడిచి ఆ పేజీ చూపించింది. ఇద్దరూ కలిసి మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు. పీరియడ్ చివర ఆ అమ్మాయే ఫారం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "టీచర్, ఇందులో నీతి లేదు. ఏం రాయాలి?" అని అడిగింది. మరుసటి వారం ఏరికోరి నీతికథల పుస్తకం తీసుకుంది. ప్రతి కథ చివరా నీతి విడిగా అచ్చువేసి ఉంటుంది కదా, రాయడం సులువు. ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఫారాలు తీసేసి బహుమతులు పెడదామని కొందరు అధికారులు సలహా ఇస్తారు. ఎక్కువ పుస్తకాలు చదివినవారికి పతకం, నెలనెలా సర్టిఫికెట్. ఇదీ అంత మంచి దారి కాదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఇందుకు బాగా పనికొస్తుంది. రంగు పెన్నులతో బొమ్మలు గీయడమంటే సహజంగానే ఇష్టమున్న పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత ఆ పెన్నులను మామూలుగా ఆటవస్తువుల మధ్య పెట్టి చూస్తే, బహుమతి ఆశతో గీసిన పిల్లలు మిగతావారితో పోలిస్తే సగం సమయమే వాటితో గడిపారు. ఇష్టంగా చేసే పని కాస్తా కూలికి చేసే పనిగా మారిపోయింది. పుస్తకాల సంఖ్యకు పతకం పెట్టినప్పుడు నేను చూసేదీ ఇదే. పేజీలు తిరగేసే వేగం పెరుగుతుంది, పతకాల ప్రదానం అయ్యాక బీరువా దగ్గరకు వచ్చేవారుండరు.

మార్కులు లేని చదువు వల్ల ఫలితాలు దెబ్బతింటాయన్న భయం మీకు ఉండవచ్చు. మీ మీద ఒత్తిళ్లు ఉంటాయని తెలుసు. అయితే పదిహేనేళ్ల పిల్లల సామర్థ్యాలను కొలవడానికి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ వివిధ దేశాల్లో నిర్వహించే పీసా సర్వే ఫలితాలు ఒకసారి తెప్పించుకోండి. మొదటి సర్వే 2000లో పఠనం మీదే ప్రధానంగా దృష్టి పెట్టింది. అందులో తేలిన ఒక విషయం నాకు ఎప్పుడూ ధైర్యాన్నిస్తుంది. తల్లిదండ్రులు చిన్న ఉద్యోగాలు చేసేవారైనా, ఇష్టంగా, విరివిగా చదివే పిల్లలు సగటున 540 మార్కులు సాధించారు. తల్లిదండ్రులు పెద్ద హోదాల్లో ఉండి, చదవడం మీద ఆసక్తి లేని పిల్లల సగటు 491 దగ్గరే ఆగింది. ఇష్టమే మార్కులు తెచ్చిందా, మార్కులు వచ్చేవారికే ఇష్టం పుట్టిందా అని వాదించుకోవచ్చు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయన్నది తరగతి గదిలో ఉండేవారికి తెలిసిన విషయం. ఇంట్లో ఒక్క కథల పుస్తకం లేని పిల్లకు ఆ ఇష్టం పుట్టే అవకాశం ఉన్న చోటు పాఠశాల ఒక్కటే. ఆ చోట కూడా మనం ఫారం చేతిలో పెడితే ఆ పిల్ల ఇంకెక్కడికి వెళ్తుంది?

ఇక అన్నిటికంటే నన్ను బాధించే సంగతి బీరువా తాళం. చాలా పాఠశాలల్లో పుస్తకాలు ఉన్నాయి, పిల్లలకు అందవు. కారణం ఉపాధ్యాయుల బద్ధకం అనుకోకండి. పుస్తకం పోయినా చినిగినా స్టాకు రిజిస్టరులో లెక్క తగ్గుతుంది. తనిఖీకి వచ్చినవారు సంజాయిషీ అడుగుతారు. డబ్బు కట్టమంటారేమోనన్న భయం. పిల్లలు ఎంత ఎక్కువగా చదివితే బాధ్యత చూసే మనిషికి అంత ముప్పు అయ్యేలా మన నిబంధనలు ఉన్నాయి. తాళం వేసిన వారికి ఏ ఇబ్బందీ లేదు. వారి బీరువాలో పుస్తకాలన్నీ కొత్తగా, లెక్క సరిపోయేలా ఉంటాయి. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు చెప్పిన అయిదు సూత్రాల్లో మొదటిదే, పుస్తకాలు వాడుకోవడానికి అని. వాడుకుంటే అరుగుతాయి, కొన్ని పోతాయి. ఏటా ఇంత శాతం పుస్తకాలు చినిగినా పోయినా ఎవరి నుంచీ వసూలు చేయకుండా రిజిస్టరు నుంచి కొట్టివేయవచ్చని మీరు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు, వేల తాళాలు వాటంతటవే ఊడివస్తాయి. దానికి పెద్ద బడ్జెట్ కూడా అవసరం లేదు.

ఏ పుస్తకాలు కొంటున్నామన్నది కూడా చూడండి. మహనీయుల జీవిత చరిత్రలు, సన్నటి అక్షరాల విజ్ఞాన సంపుటాలు ఒకేసారి కట్టలుగా వస్తాయి. వాటిని చదివే పిల్లలూ ఉంటారు, కాదనను. కానీ పాముల గురించి, దయ్యాల గురించి, ఆటగాళ్ల గురించి అడిగే పిల్లలకు, బొమ్మల కథలు కావాలనే పిల్లలకు ఏమి ఇవ్వాలి? కొనుగోలు నిధిలో కొంత భాగం ప్రతి పాఠశాలకే వదిలేసి, ఎంపికలో పిల్లలకూ చోటివ్వండి. చదివిన పుస్తకాన్నే మళ్లీ మళ్లీ తీసుకునే పిల్లవాడిని ఎవరూ మందలించకూడదు. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేసే హక్కు పెద్దలకు ఉన్నప్పుడు పిల్లలకు ఎందుకు ఉండకూడదు?

పీరియడ్ ఇచ్చి పిల్లలను వదిలేస్తే చాలదని కూడా నాకు తెలుసు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం 2000లో ఇచ్చిన నివేదిక, తరగతిలో ఎవరికి వారు మౌనంగా చదువుకునే కార్యక్రమాల వల్ల పఠన సామర్థ్యం పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు దొరకలేదని చెప్పింది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల చేతిలో పుస్తకం పెట్టి నలభై నిమిషాలు మౌనంగా కూర్చోమంటే అది శిక్షే. ఆ పిల్లకు ఎవరైనా చదివి వినిపించాలి. పెద్ద తరగతుల పిల్లలకు కూడా కథ వినడం ఇష్టమే, అడిగి చూడండి. ఏ పిల్లకు ఏది నచ్చుతుందో ఊహించి, "ఇది చూడు, నీకు నచ్చుతుంది" అని చేతికి అందించే ఉపాధ్యాయులు కావాలి. అలా అందించాలంటే వారు పిల్లల పుస్తకాలు చదివి ఉండాలి. శిక్షణ శిబిరాల్లో మాకు రోజంతా స్లయిడ్లు చూపిస్తారు. ఒక పూట మా చేత పిల్లల పుస్తకాలు చదివించండి. ఆ పీరియడ్‌లో మేమూ పుస్తకం పట్టుకుని కూర్చునే వీలు కల్పించండి. అప్పుడు వేరే రికార్డులు రాయమని మమ్మల్ని పిలవకండి.

లెక్క అడగకపోతే పని జరుగుతోందని ఎలా తెలుస్తుందని మీ అధికారులు అడుగుతారు. తనిఖీ మానేయమని నేను అనడం లేదు. పిల్లలను వదిలి బీరువాను తనిఖీ చేయమనండి. తాళం తీసి ఉందా? పుస్తకాల అంచులు నలిగాయా? ఏ పుస్తకం కోసం పిల్లలు వరుసలో ఎదురుచూస్తున్నారు? ఏవి కొన్ననాటి నుంచీ కదలలేదు? కదలని వాటి బదులు ఏవి కొనాలి? ఈ ప్రశ్నలకు జవాబులు పది నిమిషాల్లో దొరుకుతాయి. వాటి కోసం ఒక్క పిల్ల చేత కూడా ఒక్క ఫారం నింపించనక్కరలేదు.

రెండు పీరియడ్లకు రక్షణ, పోయిన పుస్తకాలకు మినహాయింపు, ఎంపికలో పాఠశాలకు స్వేచ్ఛ. ఈ మూడూ మీ సంతకంతో అయ్యే పనులు. టైంటేబుళ్లు ఖరారయ్యేలోగా ఆ ఉత్తర్వు పాఠశాలలకు చేరేలా చూడమని కోరుతున్నాను.

ఇట్లు,
పాఠశాల గ్రంథాలయం బాధ్యత చూస్తున్న ఒక ఉపాధ్యాయురాలు