ఆ నల్లని కొమ్మలు ఆకులు కావు

సంపాదకుల వారికి నమస్కారం.

సున్నపురాయిలో శిలాజాల కోసం వెతికే ఔత్సాహికులు పెరుగుతున్నారు. చాలాకాలం పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని కనుక నాకిది పండగలాంటి మాట. కానీ "కోట్ల ఏళ్ల నాటి ఆకు శిలాజం" అంటూ పత్రికల్లోనూ ఫోన్లలోనూ తిరిగే ఫొటోల్లో చాలావాటిలో ఉన్నది ఆకు కాదు, ఖనిజం. ఆ పొరపాటు గురించే ఈ ఉత్తరం.

రాయి పొరల వెంట చీలినప్పుడు లోపలి ముఖం మీద ఫెర్న్ మొక్కలా విచ్చుకున్న నల్లని కొమ్మలు కనిపిస్తాయి. వీటిని డెండ్రైట్లు అంటారు. సన్నని పగుళ్లలోకి దిగిన నీటిలోని మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లుగా పేరుకుని అలా కొమ్మలు వేస్తాయి. భూతద్దం పెట్టి నిదానంగా చూడండి. కొమ్మలు చాలావరకు ఏదో పగులు అంచు నుంచి బయల్దేరి లోపలికి పాకుతూ కనిపిస్తాయి. నడిమి ఈనె ఉండదు, ఆకు అంచు ఉండదు, చీలిన కొమ్మ మళ్లీ అదే తీరులో చీలుతూ పోతుంది. జర్మనీలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాతి పలకల్లో 1861లో ఆర్కియోప్టెరిక్స్ అనే ఈకలున్న ఆదిమ పక్షి శిలాజం వెలుగు చూసింది. ఈ నల్లని కొమ్మలకూ ఆ పలకలే ప్రసిద్ధి. శిలాజాలున్న రాయి అయినంత మాత్రాన దాని మీది ప్రతి బొమ్మా శిలాజం కాదు.

అసలైనవి కంటికి అంత ఆర్భాటంగా ఆనవు. మధ్యలో చిల్లున్న బొత్తాముల్లాంటి చిన్న బిళ్లలు కనిపిస్తే అవి సముద్రపు లిల్లీలు అనే, మొక్కలా కనిపించే సముద్ర జంతువుల కాడల ముక్కలు కావచ్చు. ఎంతోమంది వాటిని తొక్కుకుంటూ పోతారు, నాకు మనసు చివుక్కుమంటుంది. రాయి వయసు కూడా తెలుసుకోవాలి. సుమారు 55 కోట్ల ఏళ్లకన్నా పాతదైతే అందులో చిప్పలు వెతకడం వృథా. అక్కడ చూడాల్సింది స్ట్రొమాటొలైట్లను, అంటే సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన గుమ్మటాలను. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో అవి ఇప్పటికీ పెరుగుతున్నాయి.

రాతిలో కనిపించే తెల్లని చారల్లో కాల్సైట్ (సున్నపురాయిలోని ముఖ్య ఖనిజం) ఏదో, క్వార్ట్జ్ (అంతకన్నా గట్టి ఖనిజం) ఏదో చాకుమొనతో తేలిపోతుంది. కాల్సైట్ గీత పడుతుంది, క్వార్ట్జ్ పడదు. గీకిన పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే కాల్సైట్ బుడగలొస్తుంది. ఈ పరీక్ష విరిగిపడ్డ ముక్క మీదే చేయాలి. శిలాజం మీద ఆమ్లం పోస్తే, చాలాసార్లు అదీ కాల్సైటే కనుక, రాయితో పాటు కరిగిపోతుంది.

ఔత్సాహికులను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1823లో ప్లెసియోసార్ అనే పొడవాటి మెడ ఉన్న సముద్ర సరీసృపం పూర్తి అస్థిపంజరాన్ని వెలికితీసిన ఇంగ్లండ్ మహిళ మేరీ ఆనింగ్ ఒక వడ్రంగి కూతురు, కాలేజీ మెట్లెక్కలేదు. ఆమెకున్నది ఓపికగా చూసే కన్ను.

మీకు నా మనవి ఒకటే. ఎవరైనా ఇలాంటి ఫొటో పంపితే పక్కన స్కేలు పెట్టి తీసినది, రాయిని పక్క నుంచి తీసినది కూడా అడగండి. ఏ పొరలో దొరికిందో, రాలిపడి ఉన్నదో రాయించుకోండి. భూగర్భ శాస్త్రం తెలిసినవారు చూశాకే శీర్షికలో "శిలాజం" అని వేయండి. దొరికిన చోటు మాత్రం అచ్చు వేయకండి. సుత్తులతో జనం వెళ్తే మిగిలినవీ పోతాయి. ఆ వివరం పరిశీలించే శాస్త్రవేత్తకు అందితే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయురాలు