సైడ్ ఎఫెక్ట్స్ దాచితే భయం పోదు

సంపాదకుడు గారికి,

టీకా వేయించుకోవడం వ్యక్తిగత విషయమా కాదా అని మీ పత్రికలో పాఠకుల మధ్య నడుస్తున్న వాదన చదువుతున్నాను. వేయించుకోనివాళ్లంతా మూర్ఖులని ఒకరు, వేయించుకున్నవాళ్లంతా గొర్రెలని ఇంకొకరు. నేను కరోనా టీకా నా వంతు రాగానే వేయించుకున్నదాన్ని, రేపు అలాంటి రోగం మళ్లీ వచ్చినా వేయించుకుంటాను. అయినా నాకు ఎక్కువ కోపం తెప్పిస్తున్నది మొదటి పక్షమే, ఎందుకంటే అది నా పక్షం.

భయపడేవాళ్లలో రకాలున్నాయి. సూదిలో చిప్ పెట్టారనేవాళ్లతో మాట్లాడి లాభం లేదు, వదిలేద్దాం. కానీ 2020 జనవరిలో వైరస్ జన్యుక్రమం బయటికొస్తే అదే డిసెంబరుకల్లా జనానికి టీకా ఎలా ఇవ్వగలిగారని అడిగినవాళ్లు చేసిన తప్పేంటి? దానికి మంచి జవాబే ఉంది. ఎంఆర్‌ఎన్‌ఏ (వైరస్‌లోని ఒక ముక్కను తయారుచేసుకోమని మన ఒంటికి సూచన పంపే టీకా పద్ధతి) మీద పరిశోధన దశాబ్దాల ముందే మొదలైంది, ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన ట్రయల్ దశల్ని కొంత కలిపి నడిపారు, ఫలితాలు రాకముందే ప్రభుత్వాల డబ్బుతో తయారీ మొదలుపెట్టారు (ట్రయల్ ఫెయిలైతే సరుకంతా పారబోయాల్సిందే), పైగా రోగం అంతటా ఉంది కాబట్టి టీకా పనిచేస్తోందో లేదో తేల్చడానికి కావలసినన్ని కేసులు త్వరగానే పోగయ్యాయి. ఇది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అది మానేసి "సైన్స్‌ను నమ్మండి" అని కసురుకున్నాం.

ఇంకో తప్పు, అతిగా మాటివ్వడం. టీకా వేసుకుంటే ఇక కరోనా రాదని పెద్ద పెద్ద నాయకులే అన్నారు. 2021 చివర్లో ఒమిక్రాన్ వచ్చి రెండు డోసులు వేసుకున్నవాళ్లకీ అంటుకుంది, దాంతో "చూశారా, అంతా మోసం" అన్నవాళ్లకి ఆయుధం మనమే ఇచ్చినట్టయింది. నిజానికి సోకకుండా ఆపడంలో టీకా బలం తగ్గిందే తప్ప, ప్రాణం మీదికి రాకుండా అప్పుడు కూడా బాగానే కాపాడింది. "ఆసుపత్రిలో చేరినవాళ్లలో ఎక్కువమంది టీకా వేసుకున్నవాళ్లే" అన్న హెడ్డింగులు చూసి బెదిరినవాళ్లూ ఉన్నారు. ఒక లెక్క వేసి చూడండి: వెయ్యి మందిలో 900 మంది వేసుకున్నారు, 100 మంది వేసుకోలేదు అనుకుందాం. ఆసుపత్రిలో చేరింది వేసుకున్నవాళ్లలో 9 మంది, వేసుకోనివాళ్లలో 5గురు. చూడ్డానికి 9 ఎక్కువే. కానీ వాళ్లలో నూటికి ఒక్కరు, వీళ్లలో నూటికి ఐదుగురు!

సైడ్ ఎఫెక్ట్స్ దగ్గరైతే మరీ గుట్టు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల తర్వాత, ముఖ్యంగా కుర్రాళ్లలో రెండో డోసు తర్వాత, చాలా అరుదుగా గుండె కండరానికి వాపు వచ్చింది, ఎక్కువమంది కోలుకున్నారు. ఆస్ట్రాజెనెకా టీకాతో (మన దగ్గర కోవిషీల్డ్) ఇంకా అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టింది, వాళ్లలో కొందరు చనిపోయారు కూడా. ఈ మాట పైకి అంటే జనం పారిపోతారని చాలామంది టెన్షన్. డెన్మార్క్ 2021 ఏప్రిల్‌లో గడ్డల కారణం బాహాటంగా చెప్పి ఆస్ట్రాజెనెకాని పూర్తిగా ఆపేసింది. జనం పారిపోలేదు సరికదా, మిగతా టీకాలు వేసుకోవడంలో ఐరోపాలో ముందున్న దేశాల్లో అదొకటయింది. ఎవరో ఒకరి నోట ఎలాగూ తెలిసే సంగతిని మనం దాచితే, అది తెలిసిన రోజున టీకా మీదే కాదు, డాక్టరు చెప్పే ప్రతి మాట మీదా అనుమానం మొదలవుతుంది.

ఇక "నా ఒళ్లు నా ఇష్టం" అనేవాళ్లకి ఒక్క మాట. కీమో తీసుకుంటున్నవాళ్లకి, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకి టీకా వేసినా సరిగ్గా పట్టకపోవచ్చు, వాళ్ల ఇష్టంతో పనిలేకుండానే వాళ్లు మన మధ్య తిరగాలి. రోగుల్ని తాకే ఉద్యోగం చేసేవాళ్లని టీకా అడగడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లని ఉద్యోగం పీకేస్తామని బెదిరించడం మాత్రం అనిపించదు.

మీకొక విన్నపం. ఇకమీదట ఏ టీకా గురించి వార్త వేసినా, ఎవరికో రియాక్షన్ వచ్చిందని మాత్రమే వేసి వదిలేయకండి. ఎన్ని లక్షల మందిలో ఎంతమందికి వచ్చింది, ఏ వయసు వాళ్లకి, ఆ రోగమే సోకితే అదే ఇబ్బంది ఎంతమందికి వస్తుంది, ఈ అంకెలు కూడా ఆ వార్తలోనే వేయండి, ఎక్కడో లోపలి పేజీలో కాదు.

ఇట్లు,
మీ పాఠకురాలు