కాయలకే లెక్క, కట్టెకు లేదా?

సంపాదకులకు నమస్కారం.

మా అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఈ సగటు అనే మాటే మా కొంప ముంచుతోంది. మూడు వారాల వాన ఒక్క రాత్రి కురిసి, ఆ తర్వాత మబ్బు ముఖం చాటేసినా నెలాఖరు కాగితంలో వర్షపాతం ‘సాధారణం’ అనే ఉంటుంది. పునర్వసు కార్తెలో, అంటే జూలైలో, విత్తిన వేరుశనగకు ఆగస్టులో వచ్చే మఖ కార్తెలో ఊడలు, అంటే పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగుతాయి. అప్పుడు ఎర్రనేల బిగిసిపోయి ఉంటే ఊడ మట్టిలోకి దిగలేక పైనే ఎండిపోతుంది. ఆ తర్వాత ఎంత వాన పడినా ఆకు పచ్చబడుతుంది, అంతే. గట్టు మీద నిలబడి చూసేవారికి పైరు బాగానే కనిపిస్తుంది. పీకి చూస్తే చెట్టుకు మూడో నాలుగో కాయలు.

ఇది మీ పత్రికలో ఏటా వచ్చే వార్తే. నేను రాయదలచింది కట్టె గురించి. పీకిన చెట్టు నుంచి కాయలు తెంపాక మిగిలే వేరుశనగ కట్టే మా పశువులకు వేసవి మేత. వామి ఎంత ఎత్తు లేచిందో చూసుకునే, ఎద్దులను ఉంచుకోవాలా సంతకు తోలాలా అని ఇంట్లో మాట్లాడుకుంటాం. కాయ రాకపోయినా కట్టె దక్కితే చాలని మొక్కుకున్న సంవత్సరాలు ఉన్నాయి. 2021 నవంబరు భారీ వర్షాలకు మా వామి అడుగు దాకా తడిసి బూజు పట్టింది. ఆ కట్టె వేస్తే పశువుకు జబ్బు, వేయకపోతే పస్తు. తర్వాతి వేసవిలో మేత కొనడానికి చేసిన అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే పెట్టుబడి రాయితీ ఇస్తామంటారు. మంచిదే. కానీ ఆ లెక్క కాయల దగ్గరే ఆగిపోతుంది. మేత లేక ఎద్దుల జతను సగం ధరకు అమ్ముకుంటే ఆ నష్టం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.

గొర్రెలది మరో బాధ. ఎండిన బీడు మీద వాన పడగానే మొలిచే లేత గడ్డిని ఆబగా మేసి చిటుకు రోగంతో పడిపోతాయి. సాయంత్రం గెంతిన పిల్ల తెల్లవారేసరికి ఉండదు. ముసురు పట్టి సన్నదోమలు పెరిగితే నీలి నాలుక రోగం. రెండింటికీ టీకాలు ఉన్నాయి, కానీ వానలకు ముందే వేయాలి. నిరుడు మా ఊరికి టీకా వచ్చేసరికి మా మందలో పదకొండు పోయాయి.

దిగుబడి లెక్క కట్టడానికి చేసే పంట కోత ప్రయోగంలో కాయలు తూచే మనిషి, పక్కనే ఉన్న కట్టెను కూడా తూచి రాసుకోవచ్చు. తక్కెడ ఎలాగూ అక్కడే ఉంటుంది. ఆగస్టులో వాన ఎగ్గొట్టిన మండలాలకు ఉలవలు, పశుగ్రాస జొన్న విత్తనాలు నేలలో పదును ఉండగానే చేరాలి. దసరా దాటాక ఇచ్చే ఉలవలు మాకు గుగ్గిళ్లకే పనికొస్తాయి.

— ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా