ఈ వేసవి నుంచి మా లిప్ బామ్‌లో మారేవి, మారనివి

మా లిప్ బామ్ వాడుతున్నవారందరికీ నమస్కారం.

వచ్చే నెల మొదటి తేదీ నుంచి మా 10 గ్రాముల డబ్బీ ధరను 120 రూపాయల నుంచి 150 రూపాయలకు పెంచుతున్నాము. వేసవి పొడుగునా బామ్ ఇప్పటికంటే కాస్త గట్టిగా ఉంటుంది. తిప్పితే పైకి వచ్చే గొట్టాలు మాత్రం వానలు పడేదాకా దొరకవు. ఈ మార్పులకు కారణాలు తెలుసుకునే హక్కు డబ్బు పెట్టి కొనేవారికి ఉంది కనుక వివరంగా రాస్తున్నాను. కొత్త ధర భారమనిపించినవారు ఇంట్లోనే చేసుకోవడానికి వీలుగా మా కొలతలను కూడా ఇస్తున్నాను.

ముందు ధర సంగతి. మా బామ్‌లో తూకంలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది కొబ్బరినూనె. 2025లో ఎండుకొబ్బరి ధర ఎన్నడూ లేనంతగా పెరిగిన సంగతి అంబాజీపేట మార్కెట్టును చూసేవారందరికీ తెలుసు. దానితోపాటే గానుగ నూనె ధరా పెరిగింది. తెల్లదోమతోనూ, గిట్టుబాటు కాని ధరలతోనూ ఏళ్ళ తరబడి నలిగిపోయిన కోనసీమ కొబ్బరి రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ అందితే దానికి నొచ్చుకోవలసిన పని మాకు లేదు. ధర పెంచకుండా నెట్టుకురావడానికి దారులు లేకపోలేదు. సగం కొబ్బరినూనె తీసేసి, పెట్రోలియం నుంచి తీసే లిక్విడ్ పారాఫిన్ నూనె పోయవచ్చు, తేనెమైనంలో పారాఫిన్ మైనం కలపవచ్చు. రంగులో గాని, నునుపులో గాని తేడా కనిపెట్టడం చాలామందికి సాధ్యం కాదు. శుద్ధి చేసిన పెట్రోలియం జెల్లీ పెదవులకు హాని చేస్తుందని నేను అనను, నిజానికి తేమను ఆపడంలో అది చాలా గట్టిది. కాని డబ్బీ మీద కొబ్బరినూనె, తేనెమైనం అని రాసి లోపల మరొకటి పెట్టడం మోసం. అందుకే వేరేది కలపకుండా ధరనే పెంచాము.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా కోకో విరివిగా పండుతుంది కాబట్టి మా బామ్‌లోని కోకో బటర్ కూడా ఈ తోటలదేనని చాలామంది అనుకుంటున్నారు. అలాగని మేము ఎక్కడా రాయలేదు, రాయలేము కూడా. ఇక్కడి రైతులు కాయలు కోసి, గింజలను పులియబెట్టి, ఎండబెట్టి చాక్లెట్ కంపెనీలకు అమ్ముతారు; ఆ గింజల నుంచి వెన్నను పిండే యంత్రాలు మా స్థాయి వారి దగ్గర ఉండవు. మేము కోకో బటర్‌ను బయటి నుంచే కొంటున్నాము. కొబ్బరినూనె మాత్రం మా ఊరి గానుగదే.

ఇక బామ్ గట్టిపడడం గురించి. లిప్ బామ్ చేయడం నేర్పే కొలతల్లో చాలా భాగం చలిదేశాలవి. వాటిలో మైనం 20 శాతం దగ్గర ఉంటుంది, ఆ చలిలో అది సరిపోతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది కనుక మన డెల్టాలో ధనుర్మాసపు తెల్లవారుజాముల్లో తప్ప ఏడాది పొడవునా నూనెగానే ఉంటుంది. కోకో బటర్ 34 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంటే రోహిణి కార్తె ఎండలో అదీ నిలవదు. నిలిచేది 62 డిగ్రీలు దాటితే గాని కరగని తేనెమైనం ఒక్కటే. కనుక చలికాలంలో 100 గ్రాములకు 22 గ్రాములు వేసే మైనాన్ని వేసవికి 30 గ్రాములు చేస్తున్నాము. ఆ మేరకు కొబ్బరినూనె తగ్గుతుంది. దీనివల్ల రాసుకునేటప్పుడు బామ్ వెంటనే జారదు, వేలిని డబ్బీలో ఒక క్షణం ఆనించి, ఆ వెచ్చదనానికి మెత్తబడ్డాక రాసుకోవాలి. స్కూటర్ డిక్కీలో ఎండకు వదిలేస్తే మాత్రం ఈ బామ్ కూడా కరుగుతుంది. కరిగినంత మాత్రాన పాడైపోదు. వేసవిలో గొట్టాలు ఆపింది కూడా ఈ కరగడం వల్లే.

అయితే కరిగి తిరిగి మెల్లగా పేరుకున్నప్పుడు కోకో బటర్ నెయ్యిలాగా పూసకడుతుంది. నెయ్యికి పూస అందమే గాని పెదవి మీద ఆ పలుకులు గరుకుగా తగులుతాయి. అలాంటి డబ్బీని పారేయవద్దు. మూత తీసి, వేడినీళ్ళ పళ్ళెంలో నీళ్ళు అంచు దాటకుండా నిలబెట్టి, పలుకులన్నీ పూర్తిగా కరిగేదాకా ఉంచి, ఆ వెంటనే చల్లటి నీళ్ళ పళ్ళెంలోకి మార్చండి. త్వరగా చల్లారితే పూస కట్టదు.

ఇంట్లో చేసుకునేవారికి వేసవి కొలత ఇది: తేనెమైనం 12 గ్రాములు, కోకో బటర్ 8 గ్రాములు, కొబ్బరినూనె 14 గ్రాములు, ఆముదం 6 గ్రాములు. మొత్తం 40 గ్రాములు, నాలుగు చిన్న డబ్బీలకు సరిపోతుంది. చెంచాలతో కొలిస్తే ప్రతిసారీ ఒకలా రాదు, తూకమే వేయాలి. తేనెమైనం కొనేటప్పుడు చిన్న ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూడండి: మంచిదైతే మెత్తబడి వేలికి పట్టుకుంటుంది, లీలగా తేనె వాసన వస్తుంది, పారాఫిన్ బాగా కలిపినదైతే జిడ్డుగా జారుతుంది, లేదా పొడిగా విరుగుతుంది. ఈ పరీక్షకు దొరకని కల్తీ కూడా ఉంటుంది కనుక తేనె పెట్టెలు పెంచేవారి దగ్గర నేరుగా కొనడం మేలు.

గిన్నె, చెంచా, డబ్బీలు కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. నీళ్ళ గిన్నెను సన్నటి సెగ మీద పెట్టి, అందులో చిన్న స్టీలు గిన్నె ఉంచి, ముందుగా మైనం కరిగించాలి. అది కరిగాక ఆముదం, కొబ్బరినూనె పోయాలి. చల్లటి నూనె తగలగానే మైనం తెల్లగా ముద్దకడుతుంది, కంగారుపడకుండా కలుపుతూ ఉంటే మళ్ళీ కరుగుతుంది. పొయ్యి ఆపిన తరువాతే కోకో బటర్ వేయాలి, ఆ వేడి దానికి చాలు. అప్పుడు ఒక చల్లటి స్టీలు పళ్ళెం మీద ఒక చుక్క వేసి, గట్టిపడ్డాక గోటితో గీసి వేలితో రాసి చూడండి. మరీ మెత్తగా ఉంటే చిటికెడు మైనం, పెళుసుగా ఉంటే కొంచెం నూనె కలపడానికి ఇదే సమయం. ఈ పని అంతటిలో నేను వదలనిది పళ్ళెం మీది ఈ చుక్క. మైనం ప్రతిసారీ ఒకే గట్టితనంతో రాదు కాబట్టి కాగితం మీది కొలతను నమ్మి నేరుగా డబ్బీల్లో పోయను.

పోసేటప్పుడు గిన్నె అడుగున ఉన్న తడిని గుడ్డతో తుడవాలి, లేకపోతే పక్కనుంచి జారే ఒక్క నీటిబొట్టు డబ్బీలో పడుతుంది. డబ్బీ చల్లారే కొద్దీ అంచులు ముందు తెల్లబడతాయి, ఆ తరువాత నడిమధ్యన చిన్న గుంట పడుతుంది. అందుకే మొదట అంచుకు కాస్త తక్కువగా పోసి, గుంట పడ్డాక మిగిలినది సన్నగా పోసి కప్పాలి. వెచ్చగా ఉండగా మూత పెడితే మన గాలిలోని తేమ లోపలే చెమ్మగిల్లుతుంది, కనుక పూర్తిగా చల్లారే వరకు పలచటి గుడ్డ కప్పి ఉంచండి.

నీళ్ళ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, నూనె, మైనం మాత్రమే ఉన్నంతకాలం అందులో బూజు పెరగదు. నీరు చేరిన రోజు నుంచి ఆ భరోసా ఉండదు. గులాబీ నీరు, కలబంద గుజ్జు, బీట్‌రూట్ రసం కలపమని అడిగేవారికి మేము కాదని చెప్పేది ఇందుకే. బీట్‌రూట్ రంగు నీటిలో కరిగేది, నూనెలో కలవక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. తేనె కూడా అంతే, అడుగుకు దిగుతుంది. ఎర్రదనం కావాలంటే రతనజోత వేరును కొబ్బరినూనెలో వేసి సన్నటి వేడి మీద ఉంచి వడకట్టి వాడుకోవచ్చు, దాని రంగు నూనెలోనే దిగుతుంది. దాల్చినచెక్క నూనె, పుదీనా నూనె మేము వేయము. ఆ చురుకుదనం ఎండిన పెదవిని మరింత రేపుతుంది. విటమిన్ ఇ నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే నూనె కనరు వాసన రావడం ఆలస్యమవుతుంది, అది బూజును ఆపే మందు మాత్రం కాదు.

“పెదాలకి కాస్త వెన్న రాసుకుంటే సరిపోదాండీ?” అని మా దగ్గర కొనే ఒక పెద్దావిడ అడిగారు. వెన్నలో నీరు ఉంటుంది కనుక అప్పటికప్పుడు రాసుకోవడానికే గాని నిల్వకు పనికిరాదు; పేరునెయ్యి అంతకంటే మేలు. రాత్రి పడుకునే ముందు నెయ్యి రాసుకుని సుఖంగా ఉన్నవారికి మా బామ్ అవసరం లేదు, ఆవిడకూ అదే చెప్పాను. మైనం చేసే అదనపు పని ఒకటే, మాట్లాడినా మంచినీళ్ళు తాగినా ఆ పొర త్వరగా తుడిచిపెట్టుకుపోకుండా నిలపడం. పెదవులకు నూనె గ్రంథులు లేవు, పై పొర పలచన. బామ్ కొత్తగా తేమను ఇవ్వదు, ఉన్నదాన్ని ఆవిరైపోకుండా ఆపుతుంది. కనుక ఒక గుక్క నీళ్ళు తాగి, పెదవుల మీద ఇంకా చెమ్మ ఉండగానే రాసుకోండి. నాలుకతో తడుపుకోవడం మానకపోతే ఏ బామ్ అయినా వృథా, ఎందుకంటే ఉమ్మి ఆరుతూ ఉన్న తేమను కూడా తీసుకుపోతుంది.

మా బామ్‌కు ఎండను ఆపే గుణం లేదు. అంతర్వేది, ఓడలరేవు తీరాన వేటకు వెళ్ళేవారు, నాట్లలో రోజంతా ఎండన ఉండేవారు సన్‌స్క్రీన్ ఉన్న బామ్ వాడడం, ముఖానికి నీడ పడేలా తువ్వాలు చుట్టుకోవడం అవసరం. నోటి మూలల్లో పుండ్లు పడి మానకుండా ఉంటే అది రక్తహీనత గాని, బి విటమిన్ల లోపం గాని, ఫంగస్ గాని కావచ్చు, వైద్యునికి చూపించండి. తేనెమైనం గాని, ఆముదం గాని పడనివారు కూడా కొందరు ఉంటారు, కొత్తగా వాడేవారు ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడాలి. జ్వరపు పొక్కులు ఉన్నవారు తమ డబ్బీని మరొకరితో పంచుకోకూడదు.

ఈ కొలతలతో చేసి చుట్టుపక్కల అమ్మాలనుకునేవారికి ఒక మాట. ఇంట్లో వాడుకోవడానికి అనుమతి అక్కరలేదు గాని, అమ్మడానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు తీసుకోవాలి, డబ్బీ మీద పదార్థాల పేర్లు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో ముద్రించాలి. చిన్నగా చేస్తున్నాము కదా అని దాన్ని వాయిదా వేయవద్దు.

ఏప్రిల్, మే నెలల్లో పార్సిళ్ళు వారంలో సోమ, మంగళవారాల్లోనే పంపుతాము, ఆదివారం గోదాములో చిక్కుకుని వేడెక్కకుండా. ఇప్పటికే డబ్బు కట్టినవారికి పాత ధరే వర్తిస్తుంది. గొట్టాల కోసం ముందుగా చెప్పి ఉంచినవారు డబ్బీ తీసుకోవచ్చు, వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇస్తాము. ఖాళీ డబ్బీ కడిగి ఆరబెట్టి తెచ్చినవారికి 10 రూపాయలు తగ్గించి అందులోనే నింపి ఇస్తాము.