దిమ్మె మీది విమానాన్ని దించి మాకివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ, రెక్కలు బాగుచేసే పనివాడిగా చేసి, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. మొన్న ఒక ఊళ్లో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టిన పాత జెట్ విమానాన్ని చూసి వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రంగు పొట్టు లేచింది, టైర్లు పగిలాయి, ఇంజిన్‌కు గాలి పోయే మూతిలో గోరింకలు గూళ్లు పెట్టాయి. విమానం పొట్ట కింద నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అవి మట్టితో పూడుకుపోతే వాన నీళ్లు లోపలే నిలిచి, ఉక్కు బోల్టు అల్యూమినియానికి తగిలే చోట తెల్లటి పొడి రాలడం మొదలవుతుంది. పైన ఎన్నిసార్లు రంగేసినా అది ఆగదు. నెలకోసారి నేనే వచ్చి కడిగి ఆ రంధ్రాలు తీసి పెడతాను, పైసా వద్దు అని ఆ విమానాన్ని చూసుకునే ఆఫీసులో అడిగితే, బయటివాళ్లను ముట్టుకోనివ్వం అన్నారు.

వాళ్ల భయం పూర్తిగా తప్పని నేను అనను. ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటులో పేలుడు గుళికలు తీసేశారో లేదో చూడాలి, పాత మీటర్ల ముళ్లకు రేడియోధార్మిక రేడియం పూత ఉండొచ్చు. ఆ పరీక్ష వైమానిక దళం వాళ్లే చేసి కాగితం ఇవ్వాలి. కానీ ఆ తర్వాత?

రెండేళ్ల కింద మా బిడ్డ దగ్గరికి లండన్ పోయినప్పుడు అక్కడికి దగ్గర్లోని డి హావిలాండ్ మ్యూజియం చూశాను. 1940 నవంబర్ 25న మొదటిసారి ఎగిరిన, మస్కిటో అనే యుద్ధ విమానాల్లో తొలిది అక్కడుంది. అది దాదాపు అంతా చెక్కే, బాల్సా, బర్చ్ ప్లైవుడ్. ఆ రోజుల్లో వాటిని అతికించింది పాలలోని కేసిన్‌తో చేసిన జిగురు! ఎనభై ఏళ్లు దాటినా అది నిలబడి ఉందంటే కారణం వాలంటీర్లే, నా వయసువాళ్లు చాలామంది కనిపించారు.

మన దగ్గర చేతులు లేవా? టైగర్ మాత్ అనే శిక్షణ విమానం రెక్కకు లోపల చెక్క, పైన గుడ్డ. ఆ గుడ్డను లాగి పరిచి, లోపలి చెక్క పట్టీలకు దారంతో కుట్టి, డోప్ అనే వార్నిష్ లాంటి పూత పూస్తే డప్పు తోలులా బిగుసుకుంటుంది. పోగు బిగువు గురించి పుట్టపాక, పోచంపల్లి నేతన్నలకు ఎవరైనా చెప్పాలా? ఇక లోహం పని అంటారా, హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి, మన ఐటీఐ పిల్లలకు చెడిపోయిన రివెట్‌ను, అంటే రేకులను కలిపి పట్టే మేకును, రంధ్రం పెద్దది కాకుండా తీయడం నేర్పాలంటే పాత విమానం కన్నా మంచి బడి ఎక్కడుంది?

అధికారులు ఆ విమానాన్ని దించి ఒక రేకుల షెడ్డులో పెడితే చాలు. నాతోపాటు రిటైరైనవాళ్లు ఇంకా నలుగురున్నారు, ప్రతి శనివారం వస్తాం, పనిముట్లు మావే తెచ్చుకుంటాం. షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పండి.

— ఒక విశ్రాంత ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, నల్లగొండ