‘చరిత్రలో ఈ రోజు’ కార్డుల్లో తేదీల గందరగోళంపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం బాధ్యులకు,

విషయం: మీ యాప్‌లోని ‘చరిత్రలో ఈ రోజు’ కార్డుల్లో తప్పులు – సవరణ, లేదంటే చందా వాపసు కోరుతూ.

నమస్కారం.

నేను మీ యాప్‌కు ఏడాది చందా కట్టి వాడుతున్నాను. కట్టింది పొద్దున్నే వచ్చే ఆ కార్డు కోసమే, మిగతా హంగులతో నాకు పని లేదు. అందులోని విషయాలతో క్విజ్ ప్రశ్నలు తయారు చేస్తుంటాను. తేదీ తప్పితే నలుగురిలో మాట పడేది నేను, మీరు కాదు. ‘తప్పు తెలియజేయండి’ బటన్ నొక్కి వివరంగా రాస్తే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.” నేను పంపింది అభిప్రాయం కాదు. అందుకే ఈ లేఖ.

ఏప్రిల్ 23 కార్డు చూడండి. ఇంగ్లాండ్ రచయిత షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616లో ఒకే రోజు కన్నుమూశారని పెద్దక్షరాల్లో వేశారు. అప్పటికి స్పెయిన్ ఇప్పుడు మనం వాడుతున్న గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారి ముప్పై ఏళ్లు దాటింది. ఇంగ్లాండ్ మాత్రం 1752 దాకా పాత జూలియన్ క్యాలెండర్‌నే పట్టుకుని ఉంది. 1616 నాటికి ఆ రెంటికీ పది రోజుల తేడా. ఇంగ్లాండ్‌లో ఏప్రిల్ 23 అయిన రోజు స్పెయిన్‌లో మే 3 అన్నమాట. పైగా సెర్వాంటెస్ చనిపోయింది 22న అనే ఇప్పుడు ఎక్కువమంది పండితులు చెబుతారు, 23 ఆయన్ని ఖననం చేసిన తేదీ. దీని గురించి ఒక్కసారి మాత్రం మీ ప్రతినిధి ఒకరు బదులిచ్చారు, యునెస్కో కూడా ఆ రోజునే పుస్తక దినోత్సవంగా పెట్టింది కదా అని. నిజమే, 1995లో పెట్టింది. గుర్తు చేసుకోవడానికి ఒక తేదీ ఎంచుకోవడం వేరు, ఇద్దరూ ఒకే రోజు పోయారని రాయడం వేరు.

ఇంతకంటే ఘోరం అక్టోబరు 15 కార్డు. స్పెయిన్‌లోని ఆవిలాకు చెందిన సన్యాసిని తెరెసా 1582 అక్టోబరు 4న మంచం పట్టి, పదకొండు రోజులు మృత్యువుతో పోరాడి 15న మరణించారట! ఆ పదకొండు రోజులు ఎక్కడివండీ? ఆ ఏడాది స్పెయిన్‌లో అక్టోబరు 4, గురువారం తర్వాత వచ్చింది 15, శుక్రవారం. కొత్త క్యాలెండర్ కోసం మధ్యలో పది తేదీలు ఎత్తేశారు. ఆమె పోయింది ఆ గురువారం రాత్రి, తెల్లారితే 15. ఎవరో రెండు చోట్ల రెండు తేదీలు చూసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలిన రోజులకు ఒక కథ అల్లారు.

రష్యా విప్లవాన్నయితే రెండుసార్లు చేయించారు. అక్టోబరు 25న ఒక కార్డు, నవంబరు 7న “మరో తిరుగుబాటు” అంటూ ఇంకొకటి. 1917లో ఆ తిరుగుబాటు జరిగింది ఒక్కసారే, మొదటి తేదీ పాత లెక్క, రెండోది కొత్త లెక్క. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు కూడా ఇలాంటిదే. అమెరికా గడియారంలో అది 1969 జులై 20 రాత్రి, గ్రీనిచ్ సమయం ప్రకారం 21 తెల్లవారుజాము. ఏ గడియారమో చెబితే రెండూ సరైనవే.

నాకు నిజంగా కోపం తెప్పించింది నవంబరు 9 కార్డు. బెర్లిన్ గోడ 1989లో తెరుచుకున్నది ఆ రోజే కాబట్టి బెలూన్లు, రంగు కాగితాలు చల్లారు. దాని కిందనే, అవే బెలూన్ల మధ్య, 1938లో నాజీలు యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన రాత్రి! దాని కింద 1923లో మ్యూనిక్‌లో అధికారం లాక్కోవడానికి హిట్లర్ చేసిన కుట్ర విఫలం కావడం. మొత్తానికి పెట్టిన శీర్షిక “వింత యాదృచ్ఛికం”. 1938లో నాజీ నాయకులు ఆ సాయంత్రం మ్యూనిక్‌లో చేరిందే 1923 నాటి కుట్ర వార్షికోత్సవానికి. దాడులకు ఊపిచ్చిన నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ ప్రసంగం అక్కడిదే. ఇందులో యాదృచ్ఛికం ఏముంది? ఈ బరువు ఉంది కాబట్టే నవంబరు 9ని జాతీయ దినంగా చేసుకోవడానికి జర్మన్లు వెనకాడారు. దేశం ఏకమైన అక్టోబరు 3ని ఎంచుకున్నారు.

ఆశ్చర్యపోదగ్గవి కావాలంటే అసలైనవే ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4న ఆ దేశ మాజీ అధ్యక్షులు ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ చనిపోయారు. డార్విన్, లింకన్ పుట్టింది ఒకే రోజు, 1809 ఫిబ్రవరి 12. వీటికి అల్లికలేమీ అక్కర్లేదు.

పై కార్డులను వెంటనే సవరించండి. పాత తేదీలున్న ప్రతి కార్డు మీద అది జూలియనా, గ్రెగోరియనా అన్నది రాయండి. తప్పు కార్డు ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ సవరణను అలాగే నోటిఫికేషన్‌గా పంపండి, యాప్‌లో ఏదో మూలన పెట్టి ఊరుకోవద్దు. నవంబరు 9 కార్డు నుంచి ఆ బెలూన్లు ఈ రోజే తీసేయండి. ఇవేవీ కుదరవంటే నా చందాలో మిగిలిన కాలానికి డబ్బు వాపసు చేయండి. కార్డుల స్క్రీన్‌షాట్లు జత చేశాను. ఈసారి జవాబు మనిషి రాసినదై ఉండాలి.

ఇట్లు,
మీ చందాదారు